ఎలుకత్త తెరిచిన పంజరం

అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కూర్చుంటే లేవడు, నడిపివాడు పడుకుంటే లేవడు, చిన్నవాడు చంచలసేనుడున్నాడే, వాడసలు కూర్చోడు! కాలుకాలిన పిల్లిలా కోటంతా తిరుగుతూనే ఉంటాడు.

అతనికి హేమలేఖ అనే రాకుమారితో పెళ్ళి కుదిరింది. ఇంతలో ధూమకంఠుడనే మాంత్రికుడు ఆమెను ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. "పున్నమికల్లా నన్ను పెళ్ళాడకపోతే రాయిని చేసేస్తా" అని కబురు కూడా పంపాడు, సిగ్గులేనివాడు! వాడి ప్రాణం ఒక పంజరంలోని చిలకలో ఉంది. అందుకే అంత పొగరు.

"ఆలోచించి వెళదాం తమ్ముడూ" అన్నారు అన్నలు. ఎక్కడాగుతాడు? అప్పటికే పడవెక్కేశాడు.

ఏడో సముద్రంలో ఒక ముసలి ఎలుక ఈదుతూ కనిపించింది. "అయ్యయ్యో, మునిగిపోతున్నావా అత్తా?" అని చెయ్యి చాచాడు.

"మునగడమేమిటి అల్లుడూ! మేం మూడురోజులైనా ఈదుతాం. సరేలే, ముచ్చటపడి పిలిచావు" అంటూ ఎక్కింది. ఎక్కీ ఎక్కగానే తెడ్డు కొరకడం మొదలెట్టింది.

"ఆపు అత్తా!"

"ఆపితే ఎలా నాయనా? మా ముందుపళ్ళు చచ్చేదాకా పెరుగుతూనే ఉంటాయి. కొరికి అరగదీసుకోకపోతే నోరు మూతపడదు."

కుదురు లేనిది లోకంలో తనొక్కడికే కాదని తెలిసి, చంచలసేనుడికి ప్రాణం లేచొచ్చింది.

ఒడ్డు చేరేసరికి మాంత్రికుడి ముంగిట్లో లడ్డూలు ఊరిస్తున్నాయి. చంచలసేనుడు చెయ్యి వేయబోయాడు.

"ఉండరా! మాకు తిన్నది కక్కడం చేతకాదు. అందుకే కొత్త తిండైతే రవ్వంత కొరికి, ఒళ్ళెలా ఉందో చూసుకుంటాం" అంది ఎలుకత్త. రవ్వంత కొరికింది. కాసేపటికి కడుపు పట్టుకుంది. "విషం!"

తర్వాత మూసిన తలుపు. కింద సన్నని సందు. "తల పట్టిందా, ఒళ్ళూ పట్టినట్టే" అంటూ అత్త దూరిపోయి, లోపల గడియకి కట్టిన తాడు కొరికేసింది. తలుపు తెరుచుకుంది.

ఎదురుగా పంజరం, అందులో చిలక! "ఆగు, వాసన చూడనీ" అని అత్త అంటూనే ఉంది, చంచలసేనుడు ఒక్క ఉరుకు ఉరికాడు. పైనుంచి ఇనపబోను దభీమని పడింది.

ధూమకంఠుడు పగలబడి నవ్వాడు. "ఇవాళే పున్నమి. అక్కణ్ణించే పెళ్ళి చూడు!" అని, ఎలుక ముందు వేడివేడి అరిసెలు పోశాడు. "విషం లేదులే ముసలీ. తిని నీ దారిన నువ్వు పో" అంటూ పెళ్ళిపీటలు వేయించడానికి అటు తిరిగాడు.

"తిని వెళ్ళు అత్తా. నా తొందరే నా కొంప ముంచింది. హేమలేఖ నావల్లే రాయైపోతుంది" అని చంచలసేనుడు భోరుమన్నాడు.

అత్త అరిసెల దగ్గరికి వెళ్ళింది, బోను దగ్గరికి వచ్చింది, మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. "మనవాడు బోనులో ఉంటే మాకు ముద్ద దిగదురా!" అంటూ మీసాలతో తడిమి, ముక్కుతో బోను బయటి గడియ ఎత్తేసింది. అంతటితో ఊరుకుందా? పక్కనున్న పంజరం తలుపూ తీసేసింది. చిలక తుర్రుమంది!

"ఎంతపని చేశావత్తా! చిలక పోయింది!"

"అదీ బోనులోనే ఉందిగా మరి!"

ధూమకంఠుడి మొహం మాడిపోయింది. తన ప్రాణం ఆకాశంలో ఎగిరిపోతోంది! గద్ద తన్నుకుపోతేనో? పిల్లి నోట పడితేనో? "రావే నా తల్లీ, జాంపండు పెడతా రావే!" అంటూ పెళ్ళీ పున్నమీ మరిచి, దాని వెనక పరుగో పరుగు.

హేమలేఖ మేడ దిగి వచ్చింది. "మళ్ళీ వస్తాడేమో!" అంది బెదురుగా.

"వాడికిక కూర్చునే యోగం లేదమ్మా" అంది అత్త, అరిసె అందుకుంటూ.

పెళ్ళిలో హేమలేఖ ఎలుకత్తకి చక్కిలిగింతలు పెట్టింది. ఎలుకలు నవ్వుతాయర్రా! ఆ గొంతు మరీ సన్నం, మన చెవికి అందదంతే. చంచలసేనుడూ హేమలేఖా రాజూ రాణీ అయి చాలాకాలం చల్లగా ఏలారు.

ధూమకంఠుడు మాత్రం ఇంకా పరుగెడుతూనే ఉన్నాడు. ఎవరైనా జాంపండు పట్టుకొచ్చి "చిలకెటు పోయింది?" అని అడిగితే, చెప్పకండేం!