ఆదెప్ప దించిన వేడి

ఈ కథ మొదట చెప్పింది సంజమ్మ. ప్రయోగశాలలో సీసాలు కడిగే సంజమ్మ. తర్వాత నలుగురూ దీన్ని తమ కథగా చెప్పుకున్నారు. వాళ్లెవరూ ఆ రోజుల్లో అక్కడ లేరు.

ఒక యూనివర్సిటీలోని సూక్ష్మజీవుల ప్రయోగశాలలో, ఎవరినీ ఏదీ అడగకుండా తనకు తోచిందే చేసేసే ఆదెప్ప అనే అటెండరు ఉండేవాడు. ముప్పై ఏళ్ల సర్వీసు. సంతకం తప్ప రాయడం రాదు గానీ అంకెలు బాగా చదివేవాడు. గాజు సామాను మీద చిన్న మరక ఉన్నా ఒప్పుకునేవాడు కాదు. ఎవరైనా మాట అంటే మరిచేవాడు కాదు. "ముసలాయన" అన్నందుకు ఒక గుమాస్తాతో పదకొండేళ్లుగా మాటల్లేవు.

ఆదెప్పకు తెలిసిన శాస్త్రం ఒక్కటే. బాక్టీరియాకు ముప్పై ఏడు డిగ్రీల వేడి ఉండాలి. ముప్పై ఏళ్లుగా అతను చూసింది అదే.

నస్రీన్ అనే పరిశోధక విద్యార్థిని ఒక గురువారం బాక్టీరియా ఉన్న గాజు ఫ్లాస్కును వాటర్ బాత్ అనే వేడినీళ్ల తొట్టిలో పెట్టి, క్లాసు చెప్పడానికి వెళ్లింది. ఆదెప్ప తొంగి చూశాడు. నలభై రెండు!

"చూడు సంజమ్మా, ఈ పిల్ల చేసిన పని. వాటిని ఉడకబెడతా ఉంది!"

"ఆ పాపనే ఒక మాట అడగరాదా అన్నా?"

"నేను అడిగేదేంది? నేను ఈడ చేరేనాటికి ఆ పిల్ల పుట్టనే లేదు."

చెంబెడు చన్నీళ్లు పోసి, మీట ముప్పై ఏడుకు తిప్పాడు. క్లాసు అయిపోయే వేళకు మళ్లీ నలభై రెండుకు పెట్టేశాడు. పాపం, పిల్ల తప్పు పదిమందిలో బయటపడకూడదు కదా! తనంతటి పెద్దమనిషి ఇంకొకడు లేడనుకున్నాడు.

మరుసటి గురువారమూ అంతే. ఆపై గురువారమూ అంతే.

నస్రీన్‌కు ఏమీ అర్థం కాలేదు. ప్రయోగం సరిగ్గా జరిగితే కాగితం మీద కొలతల గీత మెట్టులా ఒక్కసారి లేవాలి. అదేమో కొండవాలులా నిదానంగా పాకింది. ఆమె రసాయనాలు మార్చింది. నీళ్లు మార్చింది. చివరికి గడియారం కూడా మార్చింది. ఆమె గైడు శేషఫణి సారు, ప్రయోగాలు రాసే నోటుబుక్కులో ఆ మూడు గురువారాల పేజీల కిందా ఎర్ర సిరాతో "విద్యార్థిని అజాగ్రత్త" అని రాశాడు.

"వచ్చే గురువారం కూడా ఇలాగే వస్తే ఈ పని వదిలెయ్యమ్మా. నీ గడువు పొడిగించమని నేనిక రాయలేను" అన్నాడు.

నస్రీన్ సీసాలు కడిగే తొట్టి దగ్గర నిలబడింది. "నాకు ఈ పని చేతకాదేమో సంజమ్మక్కా. ఇంటికి వెళ్లిపోతాను" అంది.

ఆ మాట ఆదెప్ప విన్నాడు. మూడుసార్లు తాను కాపాడాడు. కాపాడింది పాడెట్లా అయింది? ఆ పూట బీకర్లన్నీ కడిగాడు. కడిగినవాటినే మళ్లీ కడుగుతున్నాడని సంజమ్మ చెప్పేదాకా అతనికి తెలియలేదు.

బుధవారం నాడు, తన సర్వీసులో మొదటిసారి, ఆదెప్ప ఒకరిని అడిగాడు.

"పాపా, ఆ నలభై రెండు... తెలిసే పెడతాండావా?"

"తెలిసే పెడుతున్నాను ఆదెప్పన్నా" అంది నస్రీన్. సుద్దముక్కతో బల్ల మీద ఒక సున్నా గీసింది. "ఇది బాక్టీరియా డీఎన్ఏ. ఒక బాక్టీరియా రెండు కావాలంటే ముందు దీనికి నకలు తీసుకోవాలి. ఎక్కడపడితే అక్కడ మొదలుపెట్టదు. ఇదిగో, ఈ ఒక్క చోటే." సున్నా మీద చుక్క పెట్టింది. "మొదలుపెట్టే ప్రొటీన్లు ఇక్కడికి వచ్చి కూర్చోవాలి. కణం పెరిగేకొద్దీ అవీ పోగవుతాయి. సరిపడా చేరాకే ఇక్కడ డీఎన్ఏ పోగులు విడతాయి."

"చేరకముందు?"

"ఆగుతుంది. మొదలయ్యాక కూడా, వెంటనే ఇంకోసారి మొదలవకుండా ఆ చోటుని కాసేపు మూసేసుకుంటుంది. ఆ ప్రొటీన్ల జోరూ తగ్గించేస్తుంది."

"అంత చిన్నదానికి అంత ఓర్పా?"

"నా దగ్గరున్న రకంలో ఆ ప్రొటీను వేడి ఎక్కువైతే పనిచేయదు, తగ్గితే మళ్లీ చేస్తుంది. నలభై రెండులో పెడితే, మొదలుపెట్టినవి ముగించుకుంటాయి. కొత్తగా ఏదీ మొదలుపెట్టదు. పరుగు పందెంలోలా అన్నీ ఒక్క గీత మీద నిలబడతాయి. అప్పుడు నేను ముప్పైకి మారిస్తే అన్నీ కలిసి బయల్దేరాలి. కానీ కొన్ని ముందే బయల్దేరుతున్నాయి, కొన్ని ఆగుతున్నాయి. వాటిని ఎవరు పంపుతున్నారో తెలియడం లేదు."

ఆదెప్ప చెవులు వేడెక్కాయి. సున్నా వైపు చూశాడు. చుక్క వైపు చూశాడు.

"తప్పు నాది కాదు" అన్నాడు. "కాకపోతే ఆ వేడి దించింది నేనే."

"మూడుసార్లా?"

"మూడుసార్లూ. ఇప్పుడు అడక్కపోయుంటే రేపు నాలుగోసారీ దించుతాంటి."

నస్రీన్ సుద్దముక్క కింద పెట్టేసింది.

"నా చేతుల్లోనే ఏదో లోపం ఉందనుకున్నాను అన్నా, మూడు వారాలుగా" అంది. "రేపు ఫ్లాస్కు దగ్గర కాపలా మీరే కూర్చోండి."

తనకంటే చిన్నది తనకు పని చెప్పింది. అయినా ఆదెప్పకు కోపం రాలేదు. ఎందుకు రాలేదో అతనికే అర్థం కాలేదు.

నాలుగో గురువారం ఆదెప్ప రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఎదురుగా నలభై రెండు. కుడిచేయి మీట వైపు లాగుతూనే ఉంది. ఇంకా గట్టిగా అదుముకుని కూర్చున్నాడు.

"ఏందన్నా, చేతులు స్టూలుకు అంటుకున్నాయా?" అంది సంజమ్మ.

"నన్ను మాట్లాడించొద్దు. ఈడ కోట్లమంది గీత మీద నిలబడుకోని ఉండారు."

సాయంత్రానికి గీత మెట్టులా నిటారుగా లేచింది. శేషఫణి సారు కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూశాడు. నస్రీన్ పని నిలబడింది.

ఆదెప్ప తనంతట తానే సారు దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాడు. "ఆ ఎర్ర సిరా మాట కొట్టేయండి సారూ" అన్నాడు.

"పని అయిపోయింది కదా ఆదెప్పా, ఇప్పుడెందుకులే" అని సారు నోటుబుక్కును బీరువాలో పెట్టేశాడు. ఆ మాట కూడా ఆదెప్ప మరిచిపోలేదు.

ఆ పుస్తకం ఇంకా అక్కడే ఉంది. మూడు పేజీల కిందా "విద్యార్థిని అజాగ్రత్త" అనే ఉంది. అది అబద్ధం. ఆదెప్పకు సంతకం తప్ప రాయడం రాదు. కాబట్టి ఈ కథ చదివినవాళ్లలో ఎవరైనా అటు వెళ్తే, ఆ మాట కొట్టేసి "ఆదెప్ప తొందరపాటు" అని సరిగ్గా రాయండి. దాని కిందే ఈ నీతి కూడా రాయండి: ఏ పనైనా వేళ అయ్యాకే మొదలుపెట్టాలి, ఆ వేళ తెలియకపోతే తెలిసినవారిని అడగాలి, అడగకుండా చేసిన సాయం కూడా హాని చేస్తుంది.