నిజం చెప్పిన తర్వాత

డాక్టర్ హేమసుందరితో ఆసుపత్రిలో ఎవరూ మాట్లాడటం లేదు.

అడిగినదానికి జవాబు చెబుతారు. కత్తెర అందించమంటే అందిస్తారు. అంతే. ఆమె డ్యూటీ రూములో అడుగు పెడితే అప్పటిదాకా నడుస్తున్న కబుర్లు ఆగిపోతాయి. ఒకరికి ఫోను వస్తుంది, ఇంకొకరికి వార్డులో పని గుర్తుకొస్తుంది. కాసేపటికి గదిలో ఆమె ఒక్కతే మిగులుతుంది.

కారణం అందరికీ తెలుసు. ఎండాకాలంలో కాన్పు ఆపరేషన్ జరుగుతుండగా ఒక తల్లి చనిపోయింది. బిడ్డ దక్కింది. మత్తు ఇచ్చిన డాక్టర్ దివాకర్ ఆ సమయానికి వరండాలో ఫోను మాట్లాడుతున్నాడు. విచారణకు వచ్చిన అధికారులు థియేటర్లో ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి అడిగారు. మిగతావాళ్ళు తాము గమనించలేదన్నారు. హేమ మాత్రం, "ఆయన బయట ఉన్నారు. పిలిచాం. వచ్చేసరికి ఆలస్యమైపోయింది" అని చెప్పింది.

దివాకర్‌ను సస్పెండ్ చేశారు.

దివాకర్ అందరికీ ఇష్టమైన మనిషి. హేమకు కూడా. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆపరేషన్ మధ్యలో చెయ్యి వణికినప్పుడల్లా పక్కనుంచి ఏదో పాత పాట కూనిరాగం తీసి కుదుటపరిచినవాడు ఆయనే.

హేమ నేతపనివాళ్ళ ఇంటి పిల్ల. అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు. పెళ్ళి చేసుకోలేదు. క్వార్టర్స్‌లో సాయంత్రాలు గడవడం కష్టంగా ఉండేది. రేడియో పెట్టుకుంటే ఆ గొంతులు ఇంకెవరి ఇంట్లోంచో వినిపిస్తున్నట్టు ఉండేవి. ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కి సిస్టర్ లూర్దు దగ్గరికి బయలుదేరింది.

చిన్నప్పుడు హేమను మిషన్ స్కూలు హాస్టల్లో చేర్పించారు. సిస్టర్ లూర్దు అక్కడ సైన్సు టీచరు, హాస్టల్ వార్డెనూ ఆమే. ఆ స్కూల్లో ఏది పగిలినా, ఏది పోయినా సిస్టర్ కేకలు వేసేది కాదు. సాయంత్రం ప్రార్థన అయ్యాక "ఎవరు?" అని అడిగి ఊరుకునేది. జవాబు వచ్చేదాకా పిల్లలంతా అలాగే కూర్చునేవాళ్ళు. ఎవరో ఒకరు లేచి నిలబడేవాళ్ళు. హేమ అక్కడ శిలువ గుర్తు వేసుకోవడం నేర్చుకోలేదు, ఎవరూ నేర్చుకోమని అనలేదు. కానీ ఆ ప్రశ్న వినిపిస్తే కూర్చోలేకపోవడం ఆమెకు అలవాటైపోయింది. మెడికల్ కాలేజీలో ఆ అలవాటుకు స్నేహితులు నవ్వేవాళ్ళు. ఉద్యోగంలో ఎవరూ నవ్వలేదు.

సిస్టర్ ఇప్పుడు ముసలి సిస్టర్లు ఉండే ఇంట్లో ఉంటోంది. హేమ వెళ్ళేసరికి వరండాలో కూర్చుని చేటలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది.

హేమ నమస్కారం పెట్టి ఎదురుగా కూర్చుంది. కుశల ప్రశ్నలు కూడా పూర్తికాకుండానే, "మీ స్కూలు నన్ను లోకానికి పనికిరాకుండా చేసింది సిస్టర్" అంది.

సిస్టర్ తల ఎత్తి చూసింది. "చెప్పు" అంది.

హేమ జరిగిందంతా చెప్పింది. చివరికి, "అంతమందిలో నిజం చెప్పింది నేనొక్కదాన్నే" అంది. ఆ మాట అనేటప్పుడు ఆమె వెన్ను నిటారుగా అయింది.

"చెప్పాల్సిందే. ఆ తల్లి తరఫున చెప్పడానికి ఇంకెవరున్నారు?" అంది సిస్టర్.

హేమ కళ్ళు తడయ్యాయి. ఈ మాట కోసమే ఆమె ఇంత దూరం వచ్చింది.

"ఆ డాక్టరు ఎలా ఉన్నాడు?" అంది సిస్టర్.

"సస్పెన్షన్లో ఉన్నారు."

"చెప్పావుగా. మనిషి ఎలా ఉన్నాడు?"

"తెలీదు సిస్టర్."

"ఇల్లు తెలుసా?"

"తెలుసు."

సిస్టర్ చేట పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. లోపలికి వెళ్ళి, తల మీది ముసుగు సరిచేసుకుని, చెప్పులు వేసుకుని వచ్చింది.

"ఎక్కడికి సిస్టర్?"

"వాళ్ళింటికి. ఇప్పుడు బస్సు ఉంటుందా?"

బస్సులో హేమ సిస్టర్‌కు కిటికీ పక్కన చోటిచ్చి కూర్చుంది. తర్వాత, "వాళ్ళు తలుపు తియ్యరు సిస్టర్" అంది.

"తియ్యకపోతే వెనక్కి వచ్చేద్దాం."

"నేను చేసింది తప్పంటారా?"

"నేనలా అన్నానా?"

తలుపు తీసింది దివాకర్ భార్య సరళ. హేమను చూడగానే ఆమె మొహం బిగుసుకుపోయింది. తలుపు మీద వేసిన చెయ్యి తియ్యలేదు.

"నేను ఈ అమ్మాయికి చదువు చెప్పినదాన్నమ్మా. ఒక్కతే రాలేకపోయింది. తోడొచ్చాను" అంది సిస్టర్.

సరళ ఆ ముసలామెను చూసింది. ఎండలో నిలబడి ఆయాసపడుతోంది. కాసేపటికి పక్కకు తప్పుకుంది.

"మంచినీళ్ళు ఇస్తావా తల్లీ?" అంటూ సిస్టర్ ఆమె వెనకే వంటింట్లోకి వెళ్ళింది. హేమ ముందు గదిలో నిలబడిపోయింది. వంటింట్లోంచి సరళ గొంతు వినిపించింది. "మొదట్లో ఆసుపత్రి వాళ్ళు ఫోన్లు చేశారండీ. తర్వాత అవీ లేవు. మా గడప తొక్కినవాళ్ళే లేరు. మీరే రావడం."

హేమకు ఒక్క క్షణం ఆ మాట అర్థం కాలేదు. దివాకర్ కోసమే కదా అందరూ తనతో మాట్లాడటం మానేసింది.

దివాకర్ వెనక గదిలో ఉన్నాడు. గడ్డం పెరిగింది. టీవీలో బొమ్మలు కదులుతున్నాయి, శబ్దం లేదు. హేమను చూసి లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

"నువ్వు చెప్పింది నిజమే హేమా" అన్నాడు.

"తెలుసు సార్."

ఆయన రిమోట్ తీసుకుని టీవీ ఆపేశాడు. 

"ఆ ఫోను మా పాపది" అన్నాడు. "కాలేజీలో సీటు వచ్చిందని చెప్పడానికి చేసింది. సంతోషం పట్టలేక మాట్లాడుతూనే ఉంది. నేను పెట్టేయమనలేకపోయాను. నేను బయట ఉండిపోయింది తన ఫోను వల్లేనని పాపకు తెలియదు. సరళకీ చెప్పలేదు."

విచారణలో ఎవరూ అడగని సంగతి అది. హేమ కూడా అడగలేదు.

ఆమె తను చెప్పిన మాటను వెనక్కి తీసుకోలేదు. క్షమించమనీ అనలేదు. గోడవారగా ఉన్న ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. ఆయన తల వంచుకుని ఏడ్చాడు. ఆమె వారించలేదు. సరళ గుమ్మం దాకా వచ్చి, లోపలికి చూసి, మళ్ళీ వెళ్ళిపోయింది. ఎండ కిటికీ దాటి గోడ మీదికి పాకేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు.

తిరిగి వెళ్ళేటప్పుడు సరళ హేమతో ఏమీ మాట్లాడలేదు. గేటు దాకా మాత్రం వచ్చింది.

సిస్టర్ తిరిగి వెళ్ళే బస్సు కోసం ఇద్దరూ స్టాండులో నిలబడ్డారు.

"రేపు కూడా నాతో ఎవరూ మాట్లాడరు సిస్టర్" అంది హేమ.

"మాట్లాడరు" అంది సిస్టర్.

అటూ ఇటూ జనం సంచులతో పరుగెత్తుతున్నారు. సిస్టర్ హేమ భుజం ఆసరా తీసుకుని ఒక కాలు మీది నుంచి ఇంకో కాలు మీదికి బరువు మార్చుకుంది.

"వచ్చే ఆదివారం నా మోకాళ్ళు నన్ను రానివ్వవు. నువ్వే వెళ్ళాలి" అంది.

హేమ భయంగా చూసింది. "వెళ్ళి ఏం మాట్లాడను?"

"ఇవాళ ఏం మాట్లాడావు?" అంది సిస్టర్.