తొలి దగ్గు దొరది

రాజుల కాలంలో మా గోగులపాడులో క్షయ వచ్చినవాళ్ళని ఊరి పొలిమేర దాటించేవారు. అది వీరభూపతి దొర హుకుం. అందుకే రాజుగారు మందులిచ్చి పంపిన వైద్యుడు చావడిలో కూర్చుంటే, దగ్గేవాళ్ళు నోట్లో గుడ్డ కుక్కుకుని ఇళ్ళల్లో దాక్కున్నారు. కుమ్మరి గురవమ్మ కూతురు బంగారి కూడా అంతే. పిల్ల ఎండుపుల్లయిపోతోంది.

"మా ఊళ్ళో దగ్గన్నదే లేదు. ఇక తమరు బయల్దేరండి" అన్నాడు దొర వైద్యుడితో.

గురవమ్మ కొంగు బిగించి ముందుకొచ్చింది. "అదెట్టా దొరా? రాజుగారి మందు దగ్గేవాళ్ళకే ఇస్తారంట. ఏ మర్యాదైనా తొలుత తమకే కదా! ఈ మందు పక్క ఊరి దొర ముందు అందుకుంటే మాకు తలవంపులు కాదూ?"

వైద్యుడూ గడుసువాడే. "ఆయన అప్పుడే కబురంపారు" అన్నాడు.

అంతే! దొర గుండె పట్టుకుని చావడి అదిరేలా దగ్గాడు.

గురవమ్మ వీధిలోకి పరిగెత్తింది. "రండర్రా, దొరగారే దగ్గారు!"

తలుపులు తెరుచుకున్నాయి. బంగారి వచ్చింది, వెనకాల సగం వీధి వచ్చింది.

దొర మొహం మాడిపోయింది. "వీళ్ళందర్నీ పొలిమేర దాటించండి!"

"చిత్తం. తమరు ముందు నడవండి దొరా, మేం వెనకాలే వస్తాం" అంది గురవమ్మ.

దొర కదల్లేదు. ఆ హుకుం మాట మళ్ళీ ఎత్తలేదు.

బంగారి ఏడాది పొడుగునా మందు మానకుండా తాగి బతికింది. ముసలితనందాకా కుండలు చేసింది. ఆమె చేతి కుండలో నీళ్ళు చిన్నప్పుడు నేనూ తాగాను. ఆ దొర మనవలు మాత్రం క్షయ మనిషి చేసిందని ఆ కుండ ముట్టలేదు, అందుకే నేనింతవరకు వాళ్ళ గడప తొక్కలేదు. పోనీలే, ఆ నీళ్ళ చల్లదనం వాళ్ళకి దక్కలేదు.