అత్తిపత్తి నిద్ర

కోదండపాణికి జపంలో మనసు నిలిచేది కాదు. కళ్ళు మూసుకున్నాడో లేదో, ఇంటి దగ్గర గేదె ఈనిందా లేదా అన్న దగ్గర్నుంచి, ఈపూట పప్పులో మామిడికాయ వేస్తారా వెయ్యరా అన్నదాకా అది లోకమంతా తిరిగొచ్చేది.

విసిగిపోయి ఓ పొద్దున బట్టలు మూట కట్టుకుని, గురువు విశ్వంభరయ్యగారి ముందు నిలబడ్డాడు.

“నావల్ల కాదండీ. ఈ బస్సుకి మా ఊరు వెళ్ళిపోతాను. ఇక రాను.”

గురువుగారు ఉండమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. అప్పుడప్పుడే అడుగులు నేర్చుకుంటున్న మనవరాలు అంబుజాన్ని తెచ్చి, దాని వేలు అతని చేతికిచ్చారు.

“వాళ్ళమ్మ వంటలో ఉంది. బస్సు వచ్చేలోగా దీన్ని వాగు దాకా తిప్పుకురా నాయనా. ఎత్తుకోకు సుమా, నడవనీ.”

చలి వెనక్కి తగ్గి, చెట్లు చిగురు తొడుగుతున్న రోజులు. కానుగాకులు నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. మోదుగ ఒంటిమీద ఆకన్నది లేకుండా ఎర్రగా పూసి నిలబడింది.

ఇక ఆ పిల్ల నడక ఏం చెప్పమంటారు! రెండడుగులు వెయ్యడం, కూలబడటం. రాలిన మోదుగపువ్వు దొరికితే ఏనుగు దొరికినంత సంబరం. ఓ చీమ గింజ మోసుకుపోతుంటే, దేవుడి ఊరేగింపు వెంట వెళ్ళినట్టు దాని వెనకే పాకింది.

“నడవ్వే తల్లీ, బస్సు పోతుందే!”

“బచ్చు,” అని బుద్ధిగా ఒప్పుకుని, మళ్ళీ చీమ దగ్గరే కూర్చుంది.

ఎలాగో వాగు చేరారు. ఒడ్డున తడినేలలో అత్తిపత్తి అల్లుకుని ఉంది. అంబుజం వేలు తగిలిందో లేదో, ఆకులు టపటపా ముడుచుకున్నాయి. పిల్ల హడలిపోయి అతని మొహంలోకి చూసింది.

“నిద్దపోయిందా?”

“ఆఁ, నిద్రపోయింది. ఇక పద,” అన్నాడు, వదిలించుకుందామని.

అక్కడే పొరబడ్డాడు. నిద్రపోయేవాళ్ళని వదిలేసి పోతారా ఎవరైనా? పిల్ల పెదాల మీద వేలు పెట్టి “ఉష్!” అంది. అతని పంచె పట్టి లాగి, పక్కన కూర్చోబెట్టుకుంది.

అత్తిపత్తి ముడుచుకోవడం కోదండపాణి చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. ముట్టుకోవడం, నవ్వుకోవడం, తన దారిన పోవడం. అది మళ్ళీ విచ్చుకోవడం మాత్రం ఏనాడూ ఆగి చూసినవాడు కాదు. ముందు కాడ కాస్త తలెత్తింది. తర్వాత ఓ ఆకు సందేహిస్తూ విడింది. దాన్ని చూసి ఇంకోటి.

“లేచింది!” అని పిల్ల చప్పట్లు కొట్టింది. “మల్లీ!”

మళ్ళీ ముట్టుకుంది. మళ్ళీ కూర్చున్నారు.

రోడ్డు మీద బస్సు వచ్చింది, హారన్ కొట్టింది, వెళ్ళిపోయింది. ఎండ నడినెత్తికెక్కింది. మనవరాలికి అన్నం వేళ దాటిపోయిందని గురువుగారే వెతుక్కుంటూ వచ్చారు.

“ఏమయ్యా పాణీ, బస్సు—”

కోదండపాణి ముడుచుకున్న ఆకుల మీంచి చూపు తిప్పలేదు. పెదాల మీద వేలు పెట్టుకున్నాడు.

“ఉష్... నిద్రపోతోందండీ.”

గురువుగారు చప్పుడు కాకుండా చెప్పులు విడిచి, అతని పక్కన చతికిలబడ్డారు. అతనికి మాత్రమే వినబడేలా అన్నారు:

“అయితే, లేచేదాకా ఉంటావన్నమాట.”