సింగారి కొప్పులో చామంతులు

పూర్వం ఒక చిన్న రాజ్యంలో సింగారి, గురవయ్య అనే ఇద్దరు కలిసి బతుకుతూ తమలపాకు తోట పెంచారు. "ముందు తీగలు పాకనీ, తర్వాత పెళ్ళి" అనుకుంటూనే తలలు నెరిశాయి గానీ, ఆ మూడు ముళ్ళూ పడనే లేదు. అంతలో గురవయ్య జ్వరమొచ్చి కన్నుమూశాడు.

కోటలో కొలువు చేసే అతని అన్న వీరభద్రయ్య వెంటనే ఊడిపడ్డాడు. "తాళి లేనిది పెళ్ళామెలా అవుతుంది? తోట నాది" అని న్యాయాధికారి ముందు మీసం దువ్వాడు. పెళ్ళికి సాక్షి ఉంటే మర్నాడు తీసుకురమ్మని అధికారి సింగారికి చెప్పాడు.

జరగని పెళ్ళికి సాక్షి ఎక్కడ దొరుకుతాడు? తోట పోతే తలదాచుకునే చోటైనా లేదు. అయినా మర్నాడు సింగారి ఎలా వచ్చిందనుకున్నారు! నుదుట ఇంత కుంకుమబొట్టు, చేతుల నిండా గాజులు, కొప్పులో చామంతులు.

వీరభద్రయ్య చిందులు తొక్కాడు.

"సిగ్గులేదుటే! మొగుడు పోయి నెలైనా తిరగలేదు, పూలు పెట్టుకొస్తావా? మా ఇంటి పరువు తీస్తావా?"

"ఏ మొగుడండీ, బావగారూ?" అంది సింగారి నెమ్మదిగా.

"ఇంకే మొగుడే! మా గురవడు!"

సభంతా ఘొల్లుమంది. ఆ తెలివి ఆవిడకెక్కణ్ణుంచి వచ్చిందో గానీ, అధికారికి దణ్ణం పెట్టి, "అయ్యా, సాక్షి దొరికాడు" అంది.

అధికారి నవ్వాపుకుంటూ తోట ఆమెదేనని తీర్పు చెప్పాడు.

వీరభద్రయ్య పళ్ళు కొరికాడు. "తోట దక్కిందిగా, ఇక ఆ పూలు తియ్యి!"

"అది నేనూ మీ తమ్ముడూ చూసుకుంటాం లెండి" అంటూ ఆ మహాతల్లి తీగలకి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయింది.