నక్కను తరిమిన కుందేలు

అనగనగా ఒక అడవి ఉండేదర్రా. గోరింక వార్తలు చెప్పందే ఆ అడవిలో ఎవరికీ తెల్లారేది కాదు. మద్దిచెట్టు చిటారుకొమ్మ మీద కూర్చుని అది ఏది అరిస్తే అదే నిజం.

అక్కడే దుబ్బన్న అనే కుందేలు ఉండేవాడు. ఒకరోజు తేనెపట్టు కదిలి ఈగలు ఝుమ్మని లేచాయి. చెట్టు కింద పడుకున్న నక్క పరుగో పరుగు. దాని వెనకే, వీపు మీద ఈగలు కుడుతుంటే దుబ్బన్న పరుగో పరుగు. అంత ఎత్తునుంచి గోరింకకు ఈగలేం కనబడతాయి? ముందు నక్క, వెనక కుందేలు కనబడ్డాయి.

"వినండహో! దుబ్బన్న నక్కను తరిమాడు!" అని మర్నాడు అరిచింది.

దుబ్బన్న నోరు తెరిచాడు, నిజం చెబుదామనే. ఇంతలో కుందేళ్ళన్నీ "వీరుడంటే మావాడే!" అంటూ చుట్టుముట్టాయి. తెరిచిన నోరు మూసేశాడు.

ఇంకేముంది! మొదటిరోజు లేతగడ్డి ముందు ఆయనగారికే. రెండోరోజు తగవు వస్తే తీర్పూ ఆయనగారిదే. మూడోరోజుకి నడకే మారిపోయింది. నీళ్ళలో తన నీడ చూసుకుని, "ఏమో, నిజంగానే తరిమానేమో!" అనుకున్నాడు.

కుందేళ్ళకో పద్ధతి ఉంది. అన్నీ మేస్తుంటే ఒకటి కాపలా కాస్తుంది. శత్రువు కనబడితే వెనకకాళ్ళతో నేలను దబదబా బాదాలి. ఆ చప్పుడు వింటే మిగతావి పొదల్లో దూరిపోతాయి. నాలుగోరోజు దుబ్బన్న వంతు. వాళ్ళ పెద్దమ్మ ముగ్గురు పసిపిల్లల్ని వెంటేసుకుని మేస్తోంది.

అప్పుడే నక్క వచ్చింది. దానికీ వార్త అందింది మరి! తోటినక్కల నవ్వులు భరించలేక, పోయిన పరువు తెచ్చుకుందామని పొట్టమీద పాకుతూ వచ్చింది పాపం.

దుబ్బన్న చూశాడు. కాలు ఎత్తాడు. పైన గోరింక మెడ వంచి వాడినే చూస్తోంది. "బాదితే రేపు ఏమంటుంది? వీరుడు వణికాడనేగా!" ఎత్తిన కాలు గాలిలోనే ఆగిపోయింది.

నక్క దూకింది. పెద్దమ్మ తోక దాని నోట చిక్కింది.

"చచ్చాన్రా దుబ్బిగా!"

అప్పుడు బాదాడు చూడండీ! వీరత్వమూ గీరత్వమూ మరిచిపోయి, నేల అదిరేలా బాదాడు. పెద్దమ్మ ఒక్క గుంజు గుంజుకుంది. అన్నీ పొదల్లో పడ్డాయి. పిల్లలు దక్కారు. తోక మాత్రం దక్కలేదు. నక్క ఆ తోకను తోటినక్కలకు చూపించడానికి పట్టుకుపోయింది.

దుబ్బన్న భోరుమన్నాడు. "పెద్దమ్మా, నేను నక్కను తరమలేదే! ఇద్దర్నీ ఈగలు తరిమాయి."

"తెలుసురా. ఆరోజే నీ వీపు మీద మూడు బొడిపెలు చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే చెబుతావని చూశాన్రా నాయనా."

మర్నాడు గోరింక, "వినండహో! దుబ్బన్న ఉత్త పిరికిపంద!" అని అరిచింది. వాడి చెవులు వేలాడిపోయాయి.

"అది వింటూ కూర్చుంటావా, కాపలాకి వెళతావా?" అంది పెద్దమ్మ.

వెళ్ళాడు. ఆనాటినుంచి ఎండుటాకు కదిలినా సరే, బాదేవాడు. కుందేళ్ళు పడీపడీ నవ్వేవి. నవ్వుతూనే పొదల్లోకి పరుగెత్తేవి.

నీతి: నువ్వెవరో గోరింకను అడగకు, నీ వీపు మీది బొడిపెల్ని అడుగు.