మోకాలికి గోంగూర

కనకగిరి రాజుగారికి మోకాలి నొప్పి తగ్గిన రోజే ఊరికి కొత్త చిక్కు వచ్చిపడింది.

నొప్పి తగ్గించింది ఓబులమ్మ లేహ్యం. నలభై ఏళ్లుగా గంజాయి ఆకు నూరి మందు చేస్తున్న ముసలావిడ. రాజుగారు ఆనందం పట్టలేక, "ఈ మందు అమ్మడానికి ఒక్కరికే అనుమతి పత్రం ఇస్తాం. అర్హతలు రాయండి!" అని మంత్రి దండపాణికి చెప్పేశారు.

దండపాణి రాశాడు. అర్జీదారు పుట్టి బుద్ధెరిగాక గంజాయిని ముట్టి ఉండకూడదు, చూసి ఉండకూడదు. ఇదీ మొదటి నియమం. ఊరంతా గాలిస్తే అంతటి పవిత్రుడు ఒక్కడే తేలాడు, మంత్రిగారి బావమరిది చెంగల్రాయుడు. ఓబులమ్మ మొదటి వాక్యంలోనే ఎగిరిపోయింది. పత్రం లేకుండా మందు చేస్తే ఊరు వదలాల్సిందే.

ఇది విని విదూషకుడు గురవయ్య తల బాదుకున్నాడు. రాజుగారి దగ్గర ఆమె పేరెత్తింది తనే మరి.

"నోరు మూసుకునే విద్య ఒక్కటీ నేర్చుకోలేదు కదరా! తిండి పెట్టేదీ ఈ నోరే, కొంపలు ముంచేదీ ఈ నోరే" అని తనను తానే తిట్టుకున్నాడు. పాపం, నిజంగానే కుమిలిపోయాడు.

పత్రం ఇచ్చే రోజు రెండు బుట్టల ఆకు మోసుకుంటూ సభకు వచ్చాడు.

"ఏమిటయ్యా ఇది?" అన్నారు రాజుగారు.

"నేనూ అర్జీ పెడదామనుకున్నాను ప్రభూ. నియమాలు చదివితే నా బతుకంతా అనర్హతే! నిరుడు గంజాయాకును గోంగూర అనుకుని పప్పులో వేశాను. తిని, మా అత్తగారి మొహం చూసి రెండు రోజులు ఆపకుండా నవ్వాను. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు. అందుకే తెలిసినవారిని అడుగుదామని వచ్చాను. చెంగల్రాయుడుగారూ, రేపు ప్రభువుల మోకాలికి మందు నూరాలి కదా, ఏ బుట్టలో ఆకు తీసుకుంటారు?"

చెంగల్రాయుడు బావ వంక చూశాడు. బావ పైకప్పు వంక చూశాడు.

"ఇదిగో, ఎడమవైపుది."

"ఆహా, చూడగానే గుర్తుపట్టారే! పాత పరిచయమా?"

"అయ్యయ్యో, లేదు లేదు! నేనెన్నడూ చూడలేదు. కుడివైపుదేమో..."

రాజుగారికి విసుగొచ్చి, సభ చివర నిలబడ్డ ఓబులమ్మను పిలిచారు. ఆమె రెండు బుట్టల్లోంచీ ఆకు తీసి నలిపి వాసన చూసింది.

"రెండూ గోంగూరే సామీ!"

రాజుగారు గురవయ్య వైపు తిరిగారు. "మరి గంజాయి ఏదయ్యా?"

"పత్రం లేకుండా అది మోసుకొచ్చే ధైర్యం ఈ పిరికివాడికి ఎక్కడిది ప్రభూ! ఇది మా ఆవిడ పచ్చడికి కొన్న ఆకు. అయినా తమరి నియమం గొప్పది."

"ఏం గొప్ప?"

"గంజాయి ఏదో తెలిస్తే అయ్యగారు అనర్హులు. తెలియకపోతే తమరి మోకాలికి గోంగూర పచ్చడి!"

సభ గొల్లుమంది. రాజుగారు మోకాలు పట్టుకుని మరీ నవ్వారు. "చదవకుండా ముద్ర వేసిన నాకంటే వెర్రివాడు ఈ రాజ్యంలో లేడు!" అంటూ నియమాల పత్రం చించేసి, అనుమతి పత్రం ఓబులమ్మ చేతిలో పెట్టారు. తన ముంజేతి కడియం తీసి గురవయ్యకు తొడిగారు.